పిల్లల చేతికి ఏ డేటాబేస్ పుస్తకం ఇస్తున్నాం? బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు, కాలేజీ లైబ్రరీ కమిటీలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన బోర్డ్ ఆఫ్ స్టడీస్ (సిలబస్ నిర్ణయించే కమిటీ) సభ్యులకు, ఇంజనీరింగ్, డిగ్రీ కాలేజీల లైబ్రరీ కమిటీలకు, డీబీఎంఎస్ (డేటాబేస్ మేనేజ్‌మెంట్ సిస్టమ్స్, అంటే సమాచారాన్ని టేబుల్స్‌లో దాచి నడిపే విద్య) పాఠం చెప్పే అధ్యాపకులకు నమస్కారం.

నేను పదహారేళ్లుగా హైదరాబాద్‌లో డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్‌గా పనిచేస్తున్నాను. చదువుకున్నది ఒక జిల్లా కేంద్రంలోని మామూలు ఇంజనీరింగ్ కాలేజీలో. డీబీఎంఎస్ సబ్జెక్టుకు సూచించే పుస్తకాల గురించి, ల్యాబ్ మాన్యువల్ గురించి ఒక విశ్వవిద్యాలయానికి రెండుసార్లు రాశాను. మొదటిది రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. ముట్టినట్టు ముద్ర వేసిన కార్డు తిరిగొచ్చింది. ఏడాది తర్వాత మెయిల్ పెట్టాను. రెండింటికీ జవాబు లేదు. ఆ తర్వాత కొత్త రెగ్యులేషన్ వచ్చింది, సిలబస్‌లో యూనిట్లు అటూ ఇటూ జరిగాయి, పుస్తకాల జాబితా మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉంది. అందుకే ఈసారి అందరికీ కనబడేలా రాస్తున్నాను.

మీలో చాలామంది ఎంత పనిభారంతో పాఠాలు చెబుతున్నారో నాకు తెలుసు. నార్మలైజేషన్ (ఒకే సమాచారం పదేపదే రాకుండా టేబుల్స్‌ని విడదీయడం) నా బుర్రకు ఎక్కేలా చెప్పిన మా మేడమ్ వల్లే నేను ఈ ఉద్యోగంలో ఉన్నాను. ఈ ఫిర్యాదు మనుషుల మీద కాదు, పుస్తకాల మీద.

పోయిన వేసవిలో ఫ్రెషర్స్ ఇంటర్వ్యూలకు ప్యానెల్‌లో కూర్చున్నాను. పల్నాడు వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. నార్మలైజేషన్‌లో థర్డ్ నార్మల్ ఫామ్ అంటే ఏమిటో, దాని పై మెట్టైన బీసీఎన్ఎఫ్‌కి దానికి తేడా ఏమిటో తడుముకోకుండా చెప్పింది. లాప్‌టాప్ మీద ఒరాకిల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ తెరిచి ఆమె వైపు తిప్పి, "ఒరాకిల్‌లో ఒక కొత్త యూజర్‌ని క్రియేట్ చెయ్యమ్మా" అన్నాను. కమాండ్ టైప్ చేసింది. ఓఆర్ఏ-65096 అని ఎర్రర్ వచ్చింది. సెమీకోలన్ సరిగ్గా ఉందో లేదో చూసుకుని మళ్లీ కొట్టింది. అదే ఎర్రర్. మూడోసారి కొడుతున్నప్పుడు వేళ్లు వణికాయి. "సార్, పుస్తకంలో ఇలాగే ఉంది" అంది. బ్యాగులోంచి స్పైరల్ బైండింగ్ చేసిన జెరాక్స్ పుస్తకం తీసి ఆ పేజీ చూపించింది. నిజమే, అందులో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉంది. కాకపోతే అది ఒరాకిల్ 11జీ కోసం రాసిన పుస్తకం. 11జీ వచ్చింది 2007లో. 2013లో 12సీ వచ్చాక ఒరాకిల్ లోపలి కట్టుబడే మారింది: ఒక పెద్ద కంటైనర్ (పెట్టె లాంటిది), దానిలో విడివిడిగా తగిలించే ప్లగబుల్ డేటాబేస్‌లు. పై కంటైనర్‌లో యూజర్ పేరు పెట్టాలంటే ముందు సీ అక్షరం, రెండు హ్యాష్ గుర్తులు ఉండాలి. లేదంటే ముందు ప్లగబుల్ డేటాబేస్‌లోకి వెళ్లి, అక్కడ క్రియేట్ చెయ్యాలి. ఇంత చెప్పగానే ఆ అమ్మాయి ఒక్క నిమిషంలో చేసి చూపించింది. అప్పటికే ప్యానెల్‌లో మిగతా ఇద్దరూ "ప్రాక్టికల్ నాలెడ్జ్ లేదు" అని రాసేశారు. నేను వాదించాను, ఫలితం లేకపోయింది.

ఆ అమ్మాయి తప్పు చెయ్యలేదు. చేతికిచ్చిన పుస్తకాన్ని నమ్మింది, అంతే. ఇంకో సంగతి. ఇదే ఎర్రర్‌ని నెట్‌లో వెతికితే, ఒక రహస్య పారామీటర్‌ని (దాచిన సెట్టింగ్‌ని) ట్రూ చేసెయ్యమని సలహా కనిపిస్తుంది. అది ఒరాకిల్ తన సొంత స్క్రిప్టుల కోసం పెట్టుకున్నది. ఎర్రర్ పోతుంది, పిల్లవాడికి అసలు విషయం ఎప్పటికీ తెలియకుండా పోతుంది. సరైన పుస్తకం లేని చోట అలాంటి సలహాలే పాఠాలవుతున్నాయి.

నేను మీకు చెప్పదలచుకున్నది ఇదీ: డేటాబేస్ పుస్తకాలన్నీ ఒక్క రకం కావు, అన్నిటినీ ఒకే తక్కెడలో తూచకూడదు. మూడు రకాలున్నాయి. మొదటిది సిద్ధాంతం. ఐబీఎమ్‌లో పనిచేసిన ఎడ్గర్ కాడ్ 1970లో రిలేషనల్ మోడల్ గురించి రాసిన పరిశోధన పత్రం ఇవాళ చదివినా పనికొస్తుంది. కీ కాలమ్స్ (ఒక్కో వరుసని గుర్తుపట్టేవి), నార్మల్ ఫామ్‌లు, ట్రాన్సాక్షన్లు (పూర్తిగా జరగాలి, లేదా అసలు జరగకూడదు అనే పనులు), ఇవి ఆవకాయ లాంటివి, ఊరితే రుచి పోదు. ఈ విభాగంలో మీ జాబితాలో మంచి పుస్తకాలే ఉన్నాయి. సిల్బర్‌షాట్జ్, కోర్త్, సుదర్శన్‌ల ‘డేటాబేస్ సిస్టమ్ కాన్సెప్ట్స్’ 1986లో మొదలై 2019లో ఏడో ఎడిషన్‌కి వచ్చింది. ముగ్గురిలో సుదర్శన్ గారు ఐఐటీ బాంబేలో ప్రొఫెసర్. ఆ పుస్తకానికి స్లైడ్లు, ప్రాక్టీస్ ప్రశ్నలకు జవాబులు కూడా నెట్‌లో ఉచితంగా పెట్టారు. రామకృష్ణన్, గెర్కే రాసిన పుస్తకం మూడో ఎడిషన్ వచ్చి 20 ఏళ్లు దాటింది. అయినా ఇండెక్స్‌లు, క్వెరీ (డేటాబేస్‌ని అడిగే ప్రశ్న) ఆప్టిమైజేషన్ గురించి అందులో ఉన్నంత వివరంగా ఇంకెక్కడో వెతుక్కోనవసరం లేదు. వీటిని తీసెయ్యమని నేను అడగను.

రెండో రకం ఎస్‌క్యూఎల్, అంటే డేటాబేస్‌తో మాట్లాడే భాష, నేర్పేవి. మధ్యస్థంగా పాతబడతాయి. మూడో రకం ఒక ఉత్పత్తిని, అంటే ఫలానా డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌ని, నడపడం నేర్పేవి: ఒరాకిల్ అడ్మినిస్ట్రేషన్, మైఎస్‌క్యూఎల్ అడ్మినిస్ట్రేషన్, పోస్ట్‌గ్రెస్ అడ్మినిస్ట్రేషన్. ఇవి పాల ప్యాకెట్లు. తేదీ చూడకుండా కొనకూడదు. పోస్ట్‌గ్రెస్‌కి ఏటా ఒక పెద్ద వెర్షన్ వస్తుంది, ఒక్కో వెర్షన్‌కి ఐదేళ్లే మద్దతు. మరి మన లైబ్రరీల్లో ఈ మూడో రకం అరలో ఏముంది? నేను చూసిన రెండు కాలేజీల్లో ‘కనెక్ట్ ఇంటర్నల్’ అని కొట్టమనే పుస్తకాలున్నాయి. ఆ కమాండ్‌ని ఒరాకిల్ 9ఐలోనే, అంటే 2001లోనే తీసేశారు. అంటే ఆ పుస్తకం మీ రెండో ఏడాది విద్యార్థి పుట్టకముందే పాతబడింది. తనిఖీకి వచ్చినవాళ్లు టైటిల్స్ ఎన్ని, వాల్యూమ్స్ ఎన్ని అని లెక్కపెట్టుకుని వెళ్తారు, లోపల ఏ వెర్షన్ ఉందో అడగరు. పిల్లలు ఆ అరల దగ్గరికే వెళ్లరు, గేటు బయట షాపులో ఆల్ ఇన్ వన్ గైడు కొనుక్కుంటారు. అందులో గత ప్రశ్నపత్రాలకు జవాబులుంటాయి. పరీక్ష పాసవుతారు.

దీనివల్ల ఎవరికి నష్టం అంటే, డేటాబేస్ అన్న మాట కూడా వినని జనానికి. నేను కళ్లారా చూసినవి, నాకు కచ్చితంగా తెలిసినవి మాత్రమే రాస్తాను.

1. బ్యాకప్ తెలియనివాడి చేతిలో ఊరివాళ్ల డబ్బు. ఒక చిన్న పట్టణంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ. పేరు రాయను. ఫీజుల సాఫ్ట్‌వేర్ చూసుకునే కుర్రాడు మా బంధువుల అబ్బాయి. రోజూ రాత్రి బ్యాకప్ ఫైల్ తయారయ్యేలా పెట్టాడు. ఆ ఫైల్ ఉన్నది కూడా అదే కంప్యూటర్‌లో, అదే డిస్క్‌లో. డిస్క్ పోయింది. డేటా, బ్యాకప్ రెండూ పోయాయి. "పాత రసీదులు తెచ్చి చూపించండి, లేకపోతే మళ్లీ కట్టాలి" అని నోటీసు బోర్డు మీద అతికించారు. కూలి మానుకుని వచ్చిన తల్లిదండ్రులు పాలిథిన్ కవర్లలో నలిగిపోయిన రసీదులు పట్టుకుని వరండాలో నిలబడ్డారు. రసీదు దొరకనివాళ్లు అప్పుచేసి మళ్లీ కట్టారు. ఆ అబ్బాయి బీటెక్‌లో ‘బ్యాకప్ రకాలు వివరింపుము’ అన్న ప్రశ్నకు బాగా రాశాడు. వాడే నాతో చెప్పాడు: "అన్నా, ఫుల్, ఇంక్రిమెంటల్, డిఫరెన్షియల్, మూడూ బొమ్మలేసి రాశా. ఒక్కసారి కూడా రిస్టోర్ చేసి చూడలేదు." వాడు చదివిన పుస్తకంలో రిస్టోర్, అంటే బ్యాకప్ నుంచి డేటాని వెనక్కి తెచ్చే ప్రయోగం లేదు. ల్యాబ్‌లోనూ లేదు.

ఇది చిన్న ఊళ్ల సమస్య అనుకోకండి. 2017 జనవరి 31న ప్రోగ్రామర్ల కోడ్ దాచిపెట్టే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్ ఉన్న డైరెక్టరీని తుడిచేశాడు. సుమారు 300 జీబీ. బ్యాకప్‌లు ఉన్నాయిలే అని చూస్తే, రోజువారీ డంప్ (డేటా నకలు) ఫైళ్లే లేవు. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 9.6, డంప్ తీసే ప్రోగ్రామేమో 9.2 వెర్షన్. అది రోజూ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతోంది, ఎర్రర్ మెయిళ్లు ఎవరికీ చేరడం లేదు. అంతకు ఆరు గంటల ముందు ఒకరు చేత్తో తీసిన స్నాప్‌షాట్ (ఆ క్షణం నాటి నకలు) ఉండబట్టి బయటపడ్డారు, ఆ ఆరు గంటల్లో రాసిన డేటా పోయింది. జరిగినదంతా వాళ్లే దాచకుండా ప్రచురించారు. ఏ పాఠ్యపుస్తకంలోని బొమ్మకన్నా ఆ నివేదిక పిల్లలకు ఎక్కువ నేర్పుతుంది.

2. వెబ్‌సైట్లు. ఫైనలియర్ ప్రాజెక్టులకు పిల్లలు ఇంకా పాత పీహెచ్‌పీ (వెబ్‌సైట్లు రాసే భాష), మైఎస్‌క్యూఎల్ పుస్తకాలే చూస్తున్నారు. వాటిలో వాడిన మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్లను 2015 డిసెంబరులో వచ్చిన పీహెచ్‌పీ 7లో పూర్తిగా తీసేశారు. అది చిన్న సమస్యే, ఎర్రర్ వస్తుంది, మార్చుకుంటారు. పెద్ద సమస్య ఎర్రర్ రానిది: యూజర్ టైప్ చేసిన పేరుని నేరుగా క్వెరీ మధ్యలో అతికించడం. పేరు పెట్టెలో ఒక సింగిల్ కోట్ పెట్టి, పక్కన ‘ఆర్ 1=1’ అని కలిపి, మిగతా క్వెరీని కామెంట్‌గా మార్చేస్తే పాస్‌వర్డ్ లేకుండానే తలుపు తెరుచుకుంటుంది. విలువలను క్వెరీలో అతికించకుండా ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్‌తో విడిగా పంపాలని ఆ పుస్తకాలు చెప్పవు. పాస్‌వర్డ్‌ని ఉన్నదున్నట్టు టేబుల్‌లో దాచమంటాయి. ఈ ప్రాజెక్టులే రేపు స్కానింగ్ సెంటర్‌కి, ట్యూషన్ సెంటర్‌కి, చిట్‌ఫండ్‌కి సైట్లవుతున్నాయి. ఒక గర్భిణి ఫోన్ నంబరు, రిపోర్టు ఎవడో చదువుతాడు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం భద్రత పాటించని సంస్థకు జరిమానా 250 కోట్ల రూపాయల వరకు వెళ్లొచ్చు. చట్టం వచ్చింది, పాఠం మారలేదు.

3. పైసల లెక్క. చాలా గైడ్లలో జీతం, బ్యాలెన్స్ కాలమ్స్‌ని ‘ఫ్లోట్’ (దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే రకం) అని డిక్లేర్ చేస్తారు. పోస్ట్‌గ్రెస్ ఫ్లోట్‌లో 0.1ని పదిసార్లు కూడితే 1 రాదు, 0.9999999999999999 వస్తుంది. పది పైసలు పదిసార్లు పెడితే రూపాయి కాదన్నమాట. డ్వాక్రా సంఘం పద్దులో ఇది తేలితే లెక్క రాసిన ఆడమనిషిని అనుమానిస్తారు, డేటాటైప్‌ని ఎవరూ అనుమానించరు. డబ్బుకి న్యూమరిక్ లేదా డెసిమల్ వాడాలని ఒక్క వాక్యం చాలు.

4. మన పేర్లు. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఏ దిగుమతి పుస్తకమూ చెప్పదు. తెలుగు యూనికోడ్‌లో ప్రతి సంకేతమూ, దాన్ని నిల్వచేసే యూటీఎఫ్-8 పద్ధతిలో, మూడు బైట్లు తీసుకుంటుంది. ‘వెంకటేశ్వర్లు’ అన్న పేరులో గుణింతాలు, పొల్లు అన్నీ విడదీసి లెక్కపెడితే 13 సంకేతాలు, అంటే 39 బైట్లు. ఒరాకిల్‌లో పేరుకి 30 అని ఇస్తే, వేరే సెట్టింగ్ పెట్టకపోతే అది 30 బైట్లే. వెంకటేశ్వర్లు పట్టడు. ప్రోగ్రామర్ ఏం చేస్తాడు? తెలుగు వద్దు, ఇంగ్లిష్‌లో కొట్టమంటాడు. లేదా కోసేస్తాడు. ఇంకా, పుస్తకాల్లోని ఉదాహరణ టేబుల్స్‌లో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు కాలమ్స్ ఉంటాయి. మనకి ఇంటిపేరు ముందుంటుంది, కొందరికి ఒక్క అక్షరంగా ఉంటుంది, పెళ్లయ్యాక కొందరికి మారుతుంది. ఒక కార్డులో ఇంటిపేరు ముందు, ఇంకో కార్డులో వెనక, మూడోదాంట్లో అసలు లేదు. "పేరు మ్యాచ్ కావట్లేదు" అని పింఛను ఆగిన ముసలమ్మకి, అందులో కొంత వంతు ఒక టేబుల్ డిజైన్‌దని ఎవరు చెబుతారు?

5. పుస్తకంలో దొరకనిది అమీర్‌పేటలో కొనుక్కోవడం. నాలుగేళ్లు ఫీజు కట్టిన తండ్రే మళ్లీ హాస్టల్ అద్దె, కోర్సు ఫీజు కడుతున్నాడు. అక్కడ బాగా చెప్పేవాళ్లున్నారు, కాదనను. కానీ చేతికిచ్చే మెటీరియల్ చాలాచోట్ల అదే జెరాక్స్‌కి జెరాక్స్. పైన చెప్పిన అమ్మాయి పుస్తకం కూడా అలా చేతులు మారి వచ్చిందే.

మంచి పుస్తకాన్ని గుర్తుపట్టడం కష్టమైన పనేమీ కాదు. నేను కోఠిలో షాపు ముందు నిలబడి చేసే పని చెబుతాను. ముందు కాపీరైట్ పేజీ తీసి సంవత్సరం, వెర్షన్ చూస్తాను. వెర్షన్ నంబరు రాయని అడ్మినిస్ట్రేషన్ పుస్తకాన్ని అక్కడే పెట్టేస్తాను. తర్వాత చివర పదాల సూచిక. అందులో రిస్టోర్, డెడ్‌లాక్, ఐసోలేషన్ లెవెల్, ఎగ్జిక్యూషన్ ప్లాన్, బైండ్ వేరియబుల్ అన్న మాటలున్నాయా? రిస్టోర్‌కి పేజీలు బ్యాకప్‌కన్నా తక్కువ ఉంటే అనుమానించాలి. ఎస్‌క్యూఎల్ పుస్తకమైతే ఔటర్ జాయిన్ (జత దొరకని వరుసల్నీ కలిపి చూపేది) పేజీ తీస్తాను. బ్రాకెట్లలో ప్లస్ గుర్తు ఒక్కటే నేర్పి వదిలేస్తే, అది ఒరాకిల్ పాత పద్ధతి. పోస్ట్‌గ్రెస్‌లో, మైఎస్‌క్యూఎల్‌లో పనిచెయ్యదు. మైఎస్‌క్యూఎల్ పుస్తకమైతే విండో ఫంక్షన్లు చూస్తాను. అవి 2018లో 8.0తో వచ్చాయి. క్వెరీ క్యాష్‌ని ఎలా ట్యూన్ చెయ్యాలో వివరిస్తోందంటే ఆ పుస్తకం అంతకన్నా పాతది, ఎందుకంటే 8.0లో దాన్ని తీసేశారు. ఇక చివరిగా ఒక ఉదాహరణ చదువుతాను. రెండు కౌంటర్ల దగ్గర ఇద్దరికి ఒకే సీటు ఎలా బుక్ అవుతుందో, అలా కాకుండా ఏం చెయ్యాలో కమాండ్లతో చూపిస్తే ఆ రచయితకి పని తెలుసు. నిర్వచనం ఇచ్చి ‘మరియు’ అంటూ ఇంకో నిర్వచనానికి వెళ్లిపోతే, ఆయన పరీక్ష కోసమే రాశాడు.

డబ్బు లేదనడానికి కూడా లేదు. పోస్ట్‌గ్రెస్ మాన్యువల్ మొత్తం పీడీఎఫ్‌లో ఉచితం, ప్రింటు వేసుకోవడానికీ లైసెన్సు అడ్డురాదు. అందులో బ్యాకప్, రిస్టోర్‌కి విడిగా ఒక అధ్యాయమే ఉంది. మొదటి భాగంలో శాన్‌ఫ్రాన్సిస్కో వాతావరణంతో ఒక చిన్న టేబుల్ ఉంటుంది. దాని బదులు రెంటచింతల, రామగుండం ఎండలు వేసి చెప్పండి, మొదటి గంటలోనే క్లాసు మేలుకుంటుంది.

నా విజ్ఞప్తులు ఇవి.

1. సిలబస్‌లో సూచించే ప్రతి పుస్తకం పక్కన ఎడిషన్, సంవత్సరం రాయండి. ఉత్పత్తి పుస్తకమైతే వెర్షన్ కూడా రాయండి. సిద్ధాంతం, ఎస్‌క్యూఎల్, అడ్మినిస్ట్రేషన్ అని మూడు జాబితాలు చెయ్యండి. మూడోదాన్ని రెండేళ్లకోసారి తప్పనిసరిగా తిరగరాయండి. రెగ్యులేషన్ మారేదాకా ఆగొద్దు.

2. ల్యాబ్ మాన్యువల్ మొదటి పేజీలో, అందులోని కమాండ్లు ఏ వెర్షన్ మీద నడిపి చూశారో అచ్చు వెయ్యండి. నడపని కమాండ్ మాన్యువల్‌లో ఉండకూడదు.

3. ల్యాబ్ పరీక్షలో రిస్టోర్ ప్రయోగం తప్పనిసరి చెయ్యండి. ఎగ్జామినర్ ఒక టేబుల్‌ని డ్రాప్ చేస్తారు (తీసేస్తారు), విద్యార్థి తాను తీసుకున్న బ్యాకప్ నుంచి దాన్ని వెనక్కి తేవాలి. అరగంట చాలు. ఈ ఒక్కటి చేసినా మిగతావాటికి నేను ఆగగలను.

4. పాత ఉత్పత్తి పుస్తకాలను తగలబెట్టమని అనను. వేరే అరలో పెట్టి, అట్ట మీద ‘ఇది ఫలానా వెర్షన్ వరకే’ అని చీటీ అతికించండి. కొత్తగా కొనేటప్పుడు కమిటీలో రోజూ డేటాబేస్‌తో పనిచేసే ఒకరిని కూర్చోబెట్టండి.

5. తెలుగులో ఒక సహాయక పుస్తకం రాయించండి. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలు మొదటి సెమిస్టర్‌లో ఇంగ్లిష్ వాక్యంతోనే కుస్తీ పడుతున్నారు, విషయం దాకా రావడం లేదు. ప్రైమరీ కీని ప్రైమరీ కీ అనే రాయండి, ‘ప్రాథమిక కుంజిక’ అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. వివరణ మాత్రం ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో ఉండాలి. ఉదాహరణల్లో ఇంటిపేర్లు, మండలాలు, తెలుగు అక్షరాల నిల్వ ఉండాలి.

6. జిల్లా గ్రంథాలయ సంస్థలకు కూడా ఇదే మనవి. మేమంతా ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. పోటీ పరీక్షల పుస్తకాల అర పక్కన, వెర్షన్ చూసి కొన్న నాలుగు డేటాబేస్ పుస్తకాలు, ఆ పోస్ట్‌గ్రెస్ మాన్యువల్ ప్రింటు ఒకటి పెట్టండి. కోచింగ్ ఫీజు కట్టలేనివాళ్లు అక్కడే కూర్చుంటారు.

వచ్చే విద్యా సంవత్సరం పుస్తకాల కొనుగోలుకి ముందే దీనిపై మీ నిర్ణయం లిఖితపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాను. కాదనదలిస్తే కారణం రాయండి, దానికీ సమాధానం ఇస్తాను. జాబితా తయారీలో పైసా తీసుకోకుండా పనిచేస్తాను. ఏ శనివారమైనా ఏ కాలేజీకైనా వచ్చి రిస్టోర్ ప్రయోగం చేసి చూపిస్తాను. మీ ల్యాబ్‌లో ఏ డేటాబేస్, ఏ వెర్షన్ ఉందో ఒక వారం ముందు చెబితే చాలు, దానిమీద నడిపి చూసిన కమాండ్లే రాసుకుని వస్తాను.

ఇట్లు,
ఒక డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్,
హైదరాబాద్